‘బ్యాక్ కేర్ గివెన్’: రెజిమెంటల్ బజార్ నుంచి ఒక నర్సు మాట చరిత్ర

ఈసారి గదిలో కూర్చుని కాకుండా సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్ సందులో నిలబడి మొదలుపెడుతున్నాను. వెనకాల ఆటోల హారన్లు వినబడితే ఏమీ అనుకోకండి. స్టేషన్ ఇక్కడికి దగ్గరే. ఆల్ఫా హోటల్లో ఒక చాయ్ తాగి నడుచుకుంటూ వచ్చేశాను.

ఈ పేరు చూడండి, రెజిమెంటల్ బజార్. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కి ఇవతల దిగాయి. 1806లో ఈ ఊరికి సికిందర్ జా పేరు పెట్టారు. పటాలం ఎక్కడుంటే దాని బజారు అక్కడుండేది. కిరాణా వాళ్ళు, చాకళ్ళు, దర్జీలు, గుర్రాలకు గడ్డి తెచ్చేవాళ్ళు, అందరూ ఆ రెజిమెంటు లెక్కలోని మనుషులే. అంటే ఈ సందు పుట్టిందే రిజిస్టర్లలో. ఎవరు సిపాయి, ఎవరు బజారు మనిషి, ఎవరికి జ్వరం, ఎవరు చనిపోయారు, ఇవన్నీ రాసుకునే చోటన్నమాట.

ఇవాళ్టి మన విషయం కూడా రిజిస్టరే. ఆసుపత్రిలో నర్సు ఏం చేసిందో కంప్యూటర్లో ఏ మాటల్లో రాయాలి? అందరు నర్సులూ ఒకే మాటలు వాడాలా? ఆ మాటలు ఎవరు తయారు చేశారు? "ఇది కంప్యూటర్ వాళ్ళ గొడవ కదా, చరిత్ర ఎపిసోడ్‌లో ఎందుకు?" అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా నాన్నగారి కేసు షీటు చేతికొచ్చేదాకా.

కొన్నేళ్ళ కిందట నాన్నగారు బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. ఆపరేషన్ బాగానే జరిగింది, డాక్టరుగారు మంచివారు. కానీ ఎనిమిదో రోజున దుప్పటి మారుస్తుంటే నడుం కింద, తోక ఎముక దగ్గర పుండు కనబడింది. పడక పుండు. బెడ్ సోర్ అంటారు కదా, అదే. ఎముక రెండు నెలల్లో అతికింది. ఆ పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది.

కోపంతో కేసు షీటు నకలు అడిగి తీసుకున్నాను. నర్సుల కాగితం తీసి చూస్తే పూటకొకసారి, రోజుకి మూడుసార్లు ఒకే వాక్యం. ‘బ్యాక్ కేర్ గివెన్.’ వీపు సంరక్షణ చేశాం అని. ఎనిమిది రోజులు, ఇరవై నాలుగు సార్లు. పక్కనే ఇంకో రెండు మాటలు, ‘వైటల్స్ స్టేబుల్’, ‘సి.ఎస్.టి.’ సి.ఎస్.టి. అంటే ఇస్తున్న వైద్యమే కొనసాగించండి అని అర్థం. మన ఆసుపత్రుల్లో పనిచేసిన వాళ్ళకి ఈ మాటలు నిద్రలో కూడా వస్తాయి.

ఇంతవరకూ అయితే ఇది ఒక కొడుకు ఫిర్యాదు, అంతే. కానీ నాలుగో రాత్రి నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. నైట్ డ్యూటీ సిస్టర్‌గారు ఒక ఆయమ్మని వెంటబెట్టుకుని రెండు గంటలకోసారి వచ్చింది. నాన్నని ఒక పక్కకి తిప్పి, కాళ్ళ మధ్య దిండు పెట్టి, మడమల కింద చూసి, దుప్పటి ముడతలు సరిచేసి వెళ్ళింది. పది గంటలకి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. ఆ రాత్రి కాగితం మీద ఏముందో తెలుసా? ‘బ్యాక్ కేర్ గివెన్.’ మర్నాడు పగలు ఎవరూ తిప్పలేదు. అదీ నేను చూశాను. ఆ పూట కాగితం మీదా అదే మాట.

నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఇదే. చేసిన మనిషికీ చేయని మనిషికీ కాగితం మీద తేడా లేదు. ఆ మాట నిర్లక్ష్యాన్ని కాపాడింది సరే, మంచి పనిని కూడా మింగేసింది. అప్పటినుంచి ఈ మాటల చరిత్ర వెతుక్కుంటూ పోతే, దారి తిరిగి తిరిగి ఈ సికింద్రాబాద్‌కే వచ్చింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు అందరికీ తెలుసు. దీపం పట్టుకున్న అమ్మ అని చిన్నప్పుడు చదివాం. ఆమె హిందూదేశానికి ఎన్నడూ రాలేదు. కానీ 1857 తిరుగుబాటు తర్వాత, ఇక్కడి తెల్ల సిపాయిలు యుద్ధంలో కంటే బారకాసుల్లోనే ఎక్కువ చస్తున్నారని ఆమె పట్టుబట్టింది. 1859లో రాయల్ కమిషన్ వేశారు. దేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నల పట్టిక పంపించారు. ఆ ప్రశ్నలు తయారు చేయడంలో ఆమెది పెద్ద చెయ్యి. తాగునీరు ఎక్కడిది? మురుగు ఎటు పోతుంది? ఒక్కో మనిషికి బారకాసులో ఎంత చోటు? ఆసుపత్రిలో రోగిని చూసుకునేదెవరు? మద్రాసు సైన్యం కింద ఉన్న స్థావరంగా సికింద్రాబాద్‌కి కూడా ఆ ప్రశ్నలు వచ్చాయి. ఇక్కడి బారకాసులు కిక్కిరిసి ఉండేవని, చావులకి అదొక పెద్ద కారణమని ఆ కాలంలో బాగా నలిగిన మాట.

జవాబులన్నీ కలిపి 1863లో అచ్చయితే రెండు వేల పేజీలు దాటాయి. వాటిలోంచి బయటికొచ్చిన అంకె, వెయ్యి మంది సిపాయిలకి ఏడాదికి 69 చావులు. మంచం మీద పడుకుని, లండన్ వదలకుండా, కాగితాల మీదే ఆమె ఇక్కడి మురికి కాలవని చూడగలిగింది. ఎలా? అందరినీ ఒకే ప్రశ్న అడిగింది కాబట్టి. పెషావర్ వాడూ సికింద్రాబాద్ వాడూ ఒకే గడిలో జవాబు నింపారు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చడం కుదిరింది.

దీనికి కొంచెం ముందు, 1860లో లండన్‌లో అంతర్జాతీయ గణాంకాల సభ జరిగింది. ఆసుపత్రులన్నీ ఒకే నమూనా పత్రాలు వాడాలని నైటింగేల్ అక్కడ ప్రతిపాదించింది. జబ్బుల పేర్ల జాబితా విలియం ఫార్ అనే గణాంకవేత్తది. గడులు ఏమిటంటే, ఎంతమంది చేరారు, ఎంతమంది నయమై వెళ్ళారు, ఎంతమంది చనిపోయారు, సగటున ఎన్నాళ్ళున్నారు. లండన్ పెద్ద ఆసుపత్రులు కొన్ని వాటిని వాడి చూశాయి. తర్వాత, ఇవి చాలా పెద్దవి, నింపడానికి బోలెడు సమయం, ఖర్చు అని పక్కన పెట్టేశాయి. నూట అరవై ఏళ్ళ కిందటి ఈ ఫిర్యాదు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని పని పడుతుంది.

నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించేది వేరే. ఆధునిక నర్సింగ్‌కి తల్లి అనిపించుకున్న మనిషి తయారు చేసిన పత్రంలో నర్సు పనికి గడి లేదు! జబ్బుకుంది, చావుకుంది, మంచానికుంది. రోగిని తిప్పిన చేతికి లేదు. ఆమెను తప్పుపట్టడం లేదు, ఆ రోజుల్లో చావుల్ని లెక్కపెట్టించడమే పెద్ద యుద్ధం. కానీ ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. కావాలంటే 2020 గుర్తు చేసుకోండి. కరోనా రోజుల్లో గాంధీ ఆసుపత్రి రాష్ట్రానికంతా దిక్కయింది. ఇదే స్టేషన్ పక్కన కింగ్ ఎడ్వర్డ్ పేరుతో ఉండి, గాంధీగారి పేరు పెట్టుకుని, 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారిన ఆసుపత్రి అది. రోజూ సాయంత్రం బులెటిన్ కోసం ఎదురుచూసేవాళ్ళం. కొత్త కేసులెన్ని, డిశ్చార్జిలెన్ని, మరణాలెన్ని. 1860 నాటి గడులే! ఊపిరాడని మనిషిని బోర్లా పడుకోబెట్టాలంటే నలుగురైదుగురు కలిసి, గొట్టాలు ఊడకుండా తిప్పాలి. ఆ ఏడాది దేశంలో ఆ పని ఎన్ని వేలసార్లు జరిగిందో ఏ బులెటిన్లోనూ రాలేదు.

మాట వచ్చింది కాబట్టి ఇంకో సికింద్రాబాద్ కథ. ఇక్కడినుంచి బేగంపేట ఎంత దూరం? ట్రాఫిక్ లేకపోతే పావుగంట. 1897 ఆగస్టు 20న అక్కడే రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి చూసి, మలేరియా జాడ పట్టుకున్నాడు. దోమలు కుట్టించుకోవడానికి ఒప్పుకున్న రోగి హుసేన్ ఖాన్‌కి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఇదంతా మనం వేరే సందర్భంలో చెప్పుకున్నదే. ఇప్పుడు కావలసింది ఒక చిన్న ముక్క.

రాస్ డాక్టరు, కీటకాల పండితుడు కాదు. సరైన పుస్తకాలు దగ్గర లేవు. అందుకని దోమలకి తన సొంత పేర్లు పెట్టుకున్నాడు. చారల దోమ, బూడిద రంగు దోమ, చుక్కల రెక్కల దోమ. మలేరియా మోసింది ఆ చుక్కల రెక్కలదే. తనకి అర్థమైంది. కానీ చదివిన వాళ్ళకి? చుక్కల రెక్కలంటే ఏ దోమ? మరుసటి ఏడాది ఇటలీలో గ్రాస్సీ దాన్ని అనాఫిలిస్ అని శాస్త్రం గుర్తించిన పేరుతో చెప్పాడు. ఆ తర్వాత ఘనత ఎవరిదని ఇద్దరికీ జీవితకాలం జగడం. 1902లో నోబెల్ రాస్‌కే వచ్చింది, మంచిదే. కానీ కళ్ళతో చూసిన నిజానికి కూడా నలుగురూ ఒప్పుకున్న పేరు లేకపోతే అది ఆ గది దాటి వెళ్ళడం కష్టం. డాక్టర్లకి ఈ పాఠం తొందరగానే వంటబట్టింది. 1893లో బెర్టిలాన్ చావు కారణాల జాబితా తయారు చేశాడు. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి ఐ.సి.డి. అయింది. జబ్బు పేరు చెబితే ఏ దేశంలోనైనా ఒకే కోడ్.

నర్సుల వంతు రావడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. అదీ కంప్యూటర్ వల్లే. అమెరికాలో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ గెబ్బీ, మేరీ ఆన్ లావిన్ అని ఇద్దరు నర్సు అధ్యాపకులు. అక్కడ రోగుల రికార్డుల్ని కంప్యూటర్లో పెడదామన్నారు. డాక్టర్లు తమ జబ్బుల జాబితా ఇచ్చేశారు. మీరేం ఎక్కిస్తారని నర్సుల్ని అడిగితే, వీళ్ళ దగ్గర జాబితా లేదు! పని ఉంది, పేర్లు లేవు. 1973లో సుమారు వందమంది నర్సుల్ని పిలిచి సభ పెట్టారు. నర్సు తనంతట తాను గుర్తించి, తనంతట తాను చక్కదిద్దగల సమస్యలేమిటి, వాటికి ఏం పేరు పెట్టాలి అని కూర్చున్నారు. నర్సింగ్ డయాగ్నోసిస్ అనే మాట ఊపందుకుంది అక్కడే. 1982కి అది ‘నాండా’ అనే సంఘమైంది.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. రోగనిర్ణయం డాక్టరు పని, మీకెందుకని కొందరు. నర్సుల్లోనే కొందరు, ఇదేం భాష, రోగికి దాహమేస్తోందని రాయక ద్రవ పరిమాణ లోపం అని రాయడం ఏమిటని. ఒక్కోసారి వాళ్ళు నవ్విందీ నిజమే. 1994లో ‘శక్తి క్షేత్రంలో అలజడి’ అనే అర్థంతో ఒక డయాగ్నోసిస్ చేరింది, చాలా విమర్శలొచ్చాయి. మన అమ్మమ్మలైతే దాన్ని దిష్టి అనేవాళ్ళు, ఎండు మిరపకాయలతో పని అయిపోయేది.

కానీ అసలు సంగతి వేరే ఆమె పట్టుకుంది. హారియెట్ వెర్లీ అని ఒక నర్సు పరిశోధకురాలు. రోగి ఇంటికెళ్ళాక ఆసుపత్రి దాచుకునే సారాంశంలో నర్సింగ్ ఒక్క ముక్క కూడా ఉండటం లేదని ఆమె గోల. 1985లో సభ పెట్టి, ఏ ఆసుపత్రిలోనైనా కనీసం ఇవి దాచాలని 16 అంశాల పట్టిక సిద్ధం చేశారు. అందులో నర్సు పనికి సంబంధించినవి నాలుగే. సమస్య ఏమిటి, ఏం చేశారు, ఫలితమేమిటి, ఎంత పని పట్టింది. ఆ నాలుగో గడి చూశారా, అదే నాకు ముఖ్యమనిపిస్తుంది. తర్వాత అయోవాలో నర్సులు చేసే పనుల జాబితా, ఫలితాల జాబితా వేరువేరుగా పుస్తకాలయ్యాయి. ఒమాహాలో ఇళ్ళకి వెళ్ళే నర్సులు తమకి తగ్గట్టు ఇంకొకటి చేసుకున్నారు. వర్జీనియా సాబా ఇంటి దగ్గర సేవలకి మరొకటి. ఒకే మాట కావాలని మొదలుపెట్టి అరడజను భాషలు తయారు చేశారన్నమాట! మనవాళ్ళ సంఘాలు గుర్తొస్తున్నాయా? సరే, సరే.

ఈ చీలికల్ని కలపడానికి అంతర్జాతీయ నర్సుల మండలి 1989లో సియోల్‌లో తీర్మానం చేసింది. 1996లో తొలి రూపం, 2005లో మొదటి పూర్తి రూపం వచ్చింది. దాన్ని ఐ.సి.ఎన్.పి. అంటారు. అది పెద్ద జాబితా కాదు, ముక్కలు అతికించుకునే పద్ధతి. దేని గురించి, ఎలా ఉంది, ఏం చేశాం, దేనితో, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి. ఏడు గడులు. మన తెలుగు వ్యాకరణంలో విభక్తులు చెప్పుకున్నట్టే ఉంటుంది నాకైతే. మా నాన్నగారి నాలుగో రాత్రిని ఇందులో పెట్టి చూడండి. దేని గురించి, చర్మం. ఎలా ఉంది, పుండు పడే ప్రమాదం. ఏం చేశాం, పక్కకి తిప్పాం. దేనితో, దిండుతో. ఎక్కడ, తోక ఎముక దగ్గర. ఎప్పుడు, రాత్రి రెండింటికి. ఎవరికి, ఫలానా మంచం రోగికి. ‘బ్యాక్ కేర్ గివెన్’లో ఇందులో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

2020లో ఈ ఐ.సి.ఎన్.పి.ని స్నోమెడ్ సి.టి.లో కలపాలని ఒప్పందమైంది. స్నోమెడ్ అంటే వైద్యంలో వాడే భావాలన్నిటికీ అంకెలిచ్చిన మహా కోశం, మూడున్నర లక్షలకి పైనే ఉన్నాయి. మన దేశం 2014లోనే దాంట్లో సభ్యత్వం తీసుకుంది, అందుకని ఇక్కడ వాడుకోవడానికి లైసెన్సు రుసుము లేదు. ఆ వ్యవహారం పుణేలో సి-డాక్ వాళ్ళ జాతీయ కేంద్రం చూస్తుంది. మన ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాలు మొదట 2013లో, సవరించినవి 2016లో వచ్చాయి. రోగి బాధలకీ చికిత్సకీ స్నోమెడ్, ల్యాబ్ పరీక్షలకి లోయింక్, జబ్బులకి ఐ.సి.డి. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది, మీ ఫోన్‌లో ఉన్న పద్నాలుగు అంకెల ఆభా నంబరు దాని ఫలమే. ఈ ముక్క త్వరగా దాటేస్తున్నాను, ప్రభుత్వ కాగితాల్లో అంతా చక్కగానే ఉంటుంది.

వార్డులో ఎలా ఉంటుందో చూద్దాం. ముందు భాష సంగతి.

ఇక్కడి రోగి ఏమంటాడు? "సిస్టర్, దమ్ము వస్తోంది" అంటాడు. అదే గుంటూరు నుంచి వచ్చిన ఆయన "ఆయాసంగా ఉందమ్మా" అంటాడు. ఇంకొకరు "ఊపిరాడటం లేదు" అంటారు. పాతబస్తీ నుంచి వచ్చినాయన "సాఁస్ ఫూల్ రహీ" అంటాడు. నలుగురికీ స్నోమెడ్‌లో ఒకటే అంకె, 267036007. ఎంత బాగుంది! వరంగల్‌లో చెప్పినా వాషింగ్టన్‌లో చెప్పినా ఒకటే. మన పిల్లలు ఎంతమంది నర్సులుగా గల్ఫ్‌కి, ఇంగ్లండ్‌కి, జర్మనీకి వెళ్ళడం లేదు? అక్కడ ఈ తెరల ముందే పని.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. "సిస్టర్, నాకు వేడి చేసింది." దీనికి ఏ అంకె? నోట్లో పూతా? మూత్రంలో మంటా? ముక్కులోంచి రక్తమా? కళ్ళ మంటలా? గడ్డలా? తెలుగులో ఒక్క మాట, అక్కడ అయిదారు అంకెలు. మంచి నర్సు ఏం చేస్తుంది? "ఎక్కడమ్మా, ఎప్పటినుంచి, మంటా, నొప్పా?" అని నాలుగు ప్రశ్నలు అడిగి అసలు విషయం రాబడుతుంది. అదొక విద్య. దాన్ని ఏ కోశం నేర్పదు. తొందరలో ఉన్న నర్సు జాబితాలో పైన కనబడినదాని మీద నొక్కేస్తుంది. అప్పుడు రికార్డులో ఉండేది తప్పుడు అంకె. తప్పుడు మాట కంటే తప్పుడు అంకె ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం, ఎందుకంటే అంకెని ఎవరూ అనుమానించరు.

రెండోది సమయం. నర్సింగ్ కాలేజీల్లో పిల్లలు కేర్ ప్లాన్లు రాస్తారు. సమస్య, లక్ష్యం, చేసిన పని, ఫలితం, గడులు గీసి, స్కెచ్ పెన్నులతో. మార్కులు పడతాయి. వార్డులోకొచ్చాక ఆ పుస్తకం అటకెక్కుతుంది, ‘బ్యాక్ కేర్ గివెన్’ మిగులుతుంది. వాళ్ళది సోమరితనమా? పల్లెల్లో ఏ.ఎన్.ఎం.ల అనుభవం చూడండి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో అన్మోల్ అనే యాప్‌తో ట్యాబులిచ్చారు. ఉద్దేశం మంచిదే, బరువైన రిజిస్టర్లు పోతాయని. రిజిస్టర్లు వెంటనే పోలేదు. రెండూ నింపాలి. లండన్ ఆసుపత్రులు నైటింగేల్‌తో మొరపెట్టుకున్న మాటే మళ్ళీ. నర్సు ముందు తెర పెట్టి, కాగితం తీసేయకుండా, మనిషిని పెంచకుండా, ప్రామాణిక పదజాలం వచ్చిందంటే వచ్చేది పదజాలం కాదు, ఇంకో పూట చాకిరీ. అంతెందుకు, కలంతో రాసే ‘బ్యాక్ కేర్ గివెన్’ని తెర మీద ఒక టిక్‌గా మార్చడం చాలా తేలిక. నిన్నటి పేజీని నకలు కొట్టడం ఇంకా తేలిక. అంచేత కంప్యూటర్ వచ్చింది కాబట్టి పుండ్లు తగ్గుతాయని నేను చెప్పబోవడం లేదు.

మరి ఎందుకు ఇంత చెబుతున్నాను? ఈ సందులోనే రిటైరైన ఒక సిస్టర్‌గారు ఉంటారు. ముప్పయ్యేళ్ళకి పైగా వార్డుల్లో పనిచేశారు. నేను ఆవిణ్ణి అమ్మా అనే పిలుస్తాను. నాన్నగారి కేసు షీటు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను, కోపంతోనే. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఇరవై నాలుగు సార్లూ చదివి, "కాగితం, పెన్సిలు తీసుకో నాయనా" అన్నారు.

"వార్డులో లేవలేని వాళ్ళు పదిమంది అనుకో. రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరిని ఎన్నిసార్లు తిప్పాలి?"

ఆరుసార్లు.

"పదిమందికి?"

అరవై.

"ఒక్కసారి సరిగ్గా తిప్పి, కింద చూసి, దిండ్లు పెట్టాలంటే అయిదు నిమిషాలు. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు కావాలి."

మూడు వందల నిమిషాలు. అయిదు గంటలు, ఇద్దరు మనుషులు. వార్డులో మిగతా మంచాల మందులు, సెలైన్లు, కొత్తగా చేరినవాళ్ళు, డాక్టరుకి ఫోన్లు, ఇవేవీ కాకుండా.

"ఆ అయిదు గంటలు ఏ కాగితంలోనైనా ఎప్పుడైనా ఉన్నాయా? మాకు ఇంకో మనిషి కావాలని పైవాళ్ళని అడిగితే, ఏం పనుంది, బ్యాక్ కేర్ ఇచ్చేశామని మీరే రాశారుగా అనేవాళ్ళు."

నేను పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాను. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలి. ఎంత తక్కువ ఉన్నారో అందరికీ తెలుసు. కానీ ఎంత పని జరగకుండా మిగిలిపోతోందో చూపించే కాగితం లేదు. వెర్లీ 1985లో పెట్టిన నాలుగో గడి, ఎంత పని పట్టింది అన్నది, ఇది కదా. తిప్పడానికి ఒక పేరు, ఆ పేరుకి ఒక అంకె, ఆ అంకె పక్కన సమయం ఉంటే అరవైకి ఇరవయ్యే జరిగాయని తెల్లారేసరికి కనబడుతుంది. మిగతా నలభై ఎందుకు జరగలేదని అడగాల్సింది నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉన్న సిస్టర్‌ని కాదు. ఆసుపత్రిని అడగాలి. నా కోపం తప్పు మనిషి మీద ఉందని ఆ రోజు తెలిసింది.

ఆవిడకి ఈ కొత్త పదజాలాల మీద పెద్ద గౌరవమేం లేదు. "అంకెలు మీ ఇష్టం వచ్చినవి వేసుకోండి" అన్నారు. అయితే మీరైతే ఆ రాత్రి ఏం రాసేవారమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, కేసు షీటు వెనక ఖాళీ జాగాలో, తెలుగులో, నా పెన్సిలుతోనే రాసిచ్చారు. ఇదిగో, కెమెరాకి చూపిస్తాను, కొంచెం మసకగా ఉంది, నేనే చదువుతాను.

‘రాత్రి 2 గంటలు. ఎడమ పక్కకి తిప్పాము, ఇద్దరం. తోక ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడలేదు. డాక్టరుకి చెప్పాను. 4 గంటలకి మళ్ళీ చూడాలి.’

నొక్కితే తెల్లబడని ఎరుపంటే పడక పుండు మొదటి దశ. ఈ ముక్క నాలుగో రాత్రి ఆ కాగితంలో పడి ఉంటే, అయిదో రోజు పగలు డ్యూటీకొచ్చిన సిస్టర్ మొదట చూసేది అదే.

వచ్చే వారం ఇక్కడినుంచి బేగంపేట వెళ్దాం, రాస్ పనిచేసిన ఆ భవనం దగ్గరికి. ఉంటాను. నమస్కారం.